ఎనిమిది మూరలు

కొట్టం నుంచి పాలు పితికే పాకకి
నూట ఎనభై అడుగులు.
మేస్త్రీ ఈర్రాజు చెవి మీది పెన్సిలు తీసి
సిమెంటు బస్తా మీదే లెక్క రాశాడు.
వెడల్పు నాలుగడుగులు చాలు, పైన నున్నటి కాంక్రీటు.
"కారు నడిపినా అదరదు బావూ!"

నా దగ్గర కారు లేదు.
పద్నాలుగు ఆవులున్నాయి,
యాభై ఆరు కాళ్లు.
వాటిలో మూడు అప్పటికే
నేలని ముట్టీ ముట్టక తాకుతున్నాయి.

పోర్టులో ఇరవై తొమ్మిదేళ్లు
బొగ్గు బెల్టు పక్కన నిలబడ్డవాణ్ణి.
టన్నుల లెక్క తెలుసు,
ఏ రోలరు ఏ అర్ధరాత్రి
ఏ గొంతుతో ఏడుస్తుందో తెలుసు.
ఆవు అడుగు సంగతి మాత్రం
పాలు పితికే కొండమ్మ చెప్పేదాకా తెలీదు.

"రేపు నాలుగ్గంటలకి రా.
కర్ర ఒగ్గేసి రా."

గిడిజాల మంచులో, జీడితోట గట్టు మీద
ఇద్దరం నోరు మూసుకుని కూర్చున్నాం.
ముందు బూడిద వచ్చింది.
తల దించి, నేలని వాసన చూసి,
ముందుకాలు లేచిన చోటే
వెనకకాలు వేసింది,
అచ్చు మీద అచ్చు.

"ఎనక్కాలికి కళ్లుంటాయేటి?
ముందుకాల్ని నమ్ముకుని ఒస్తాది.
నువ్వు ఎనకనించి హోయ్ హోయ్ మంటే
తలెత్తేస్తాది.
తలెత్తిన గొడ్డుకి రాయి అవుపడదు."

రెండేళ్లుగా నేను వేసిన కేకలన్నీ
ఒక్కసారిగా నా చెవిలోనే పడ్డాయి.

వరసలో ఏడోది చిలక.
తొలిచూలుది, కొమ్ముల్లేనిది.
మలుపు దగ్గర బూడిద ఊరికే ఆగి
ఊరికే వెనక్కి చూసింది.
చిలక నిలబడిపోయింది.
పక్కకి జరగడానికి పక్క లేదు.
దాని వెనక ఏడు పొదుగులు నిలబడ్డాయి,
చుక్క చుక్కగా నా లీటర్లు
ఎర్రమట్టిలోకి ఇంకుతూ.

ఈర్రాజు టేపు బూడిద నడుం కొలిచింది.
చిలక భయం దానికి అందలేదు.
కొండమ్మ మోచేయి ఆనించి మూరలు వేసింది:
బూడిదకి రెండు,
జతగా నడిచేదానికి రెండు,
వాటికీ వీటికీ పడని మాటకి ఒకటి,
చిలకకి మూడు.
"దానికి మూడా?"
"బయపడ్డోళ్లకే జాగా ఎక్కువ కావాల బావూ."

ఇక నేల.
ఎర్రమట్టి వాయుగుండం రోజున
మోకాలి లోతు పాయసం.
క్వారీ చిప్పు చవకే గానీ,
బ్యాటరీ లైటు నోట కరుచుకుని
గిట్ట చీలికలోంచి దాన్ని పీకిన రాత్రులు
ఏ బిల్లులో రాయను?
కాంక్రీటు మీద గీతలు గీస్తానన్నాడు ఈర్రాజు.
గీసి చూపించాడు కూడా, పది అడుగులు.
పేడ పడ్డాక ఆ గీతలు ఎక్కడున్నాయో
జారిన ఆవుకే తెలిసింది.

చివరికి అడుగున బండరాళ్లు,
మీద గ్రావెలు,
ఆ పైన క్రషర్ బూడిద తడిపి, రోలరుతో అణిచి,
నడిమధ్య చేప వీపులా కాస్త ఎత్తు,
నీళ్లు అటూ ఇటూ దిగిపోవడానికి.
పాక ముందు, చిన్న రాయి కూడా
గట్టినేల మీద కత్తయ్యే చోట,
నలభై అడుగుల రబ్బరు.
గాజువాక పాత సామాన్ల షెడ్డులో చుట్టలుగా పడుంటే
కిలోల లెక్కన కొన్నాను.
విప్పితే ఒక అతుకు కనిపించింది.
నేను వేసిందే అనుకున్నాను.
అందరం అలాగే వేసేవాళ్లం, చెప్పలేం.

"గొడ్లకి హైవే యేస్తన్నాడు" అని
టీ బడ్డీ దగ్గర నవ్వారట.
నిజమే. ఖర్చు రెండింతలైంది.
కుంటే మూడింటిలో ఒకటి ఇంకా కుంటుతోంది.

మొదటి వారం
గిట్టలన్నీ నల్లగా అయ్యాయి.
ఎన్ని వానలకి కడిగినా పోని బొగ్గు.
బూడిద ఆగింది, వెనక్కి చూసింది.
చిలక అంచు పట్టుకుని
దాన్ని చూడనట్టే దాటిపోయింది.

నేను చివరన నడుస్తున్నాను,
కర్ర లేని చేతుల్ని
ఎక్కడ పెట్టుకోవాలో తెలీక.